ఎన్ని నోడ్లు కావాలన్నా?

మొన్న ఆదివారం పొద్దున్నే ఒక కుర్రాడు ఫోన్ చేశాడు. నా పాత టీములో పని చేసినవాడే, ఇప్పుడు వేరే కంపెనీలో ఉన్నాడు. ఇంట్లోవాళ్ళ బాగోగులూ అవీ అయ్యాక అసలు విషయానికొచ్చాడు.

"అన్నా, ఒక సెర్చ్ ప్రాజెక్టు వస్తోంది. డేటా 4 టీబీ. ఎన్ని నోడ్లు పెట్టమంటావు?"

"ఏం డేటా?"

"డాక్యుమెంట్లన్నా. 4 టీబీ."

"ఎవరు వెతుకుతారు? ఏమని వెతుకుతారు? ఒకేసారి ఎంతమంది?"

"అవన్నీ తర్వాత చూసుకుందాంలే అన్నా. బుధవారం ప్రపోజల్ పంపాలి. ఎదుటి కంపెనీవాళ్ళు 20 నోడ్లు రాశారట. మేం 16 అని రాస్తే సరిపోతుందా?"

నాకు ముందు నవ్వొచ్చింది. తర్వాత కొంచెం భయం కూడా వేసింది. ఎందుకంటే ఈ కుర్రాడు ఇప్పుడు చెయ్యబోతున్న పని నేను 2016లో చేసేశాను. దానికి శిక్ష మాత్రం ఇంకొకడు అనుభవించాడు. ఆ సంగతి కిందకి చెప్తా.

పెళ్ళికి వంటవాళ్ళని మాట్లాడ్డానికి వెళితే వంటమేస్త్రి ఏమడుగుతాడు? ఎంతమంది వస్తారు, పగలా రాత్రా, ఏమేం వడ్డించాలి అని అడుగుతాడు. అవేమీ చెప్పకుండా "ఎన్ని గాడిపొయ్యిలు తవ్వించమంటారు?" అని మనం అడిగితే మన మొహం వంక అదోలా చూస్తాడు. మన ఫీల్డులో మాత్రం పొయ్యిల లెక్కే ముందు తేల్చేస్తాం. వచ్చేవాళ్ళ లెక్క ప్రాజెక్టు మొదలయ్యాక చూసుకుంటాం.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. పెద్ద డేటాకి సెర్చ్ ప్లాన్ చేసేటప్పుడు నోడ్ల సంఖ్య అన్నిటికన్నా చివర్న రావలసిన అంకె. దానికన్నా ముందు మీ సొంత డేటాలోంచి కొంత తీసి, ఒకే ఒక్క షార్డులో పెట్టి, మీ సొంత ప్రశ్నలు వేసి కొలవాలి. అలా కొలవకుండా రాసిన అంకె ఎంత పెద్ద ఆర్కిటెక్టు రాసినా ఊహే. ఆ ఊహ తప్పితే దెబ్బ తగిలేది ఊహించినవాడికి కాదు, రాత్రిపూట ఫోన్ పక్కన పెట్టుకుని పడుకునేవాడికి.

ఇక 2016 సంగతి. ఒక క్లయింటుకి వాళ్ళ లావాదేవీల రికార్డులన్నీ వెతికే సిస్టమ్ కట్టాం, ఎలాస్టిక్‌సెర్చ్ మీద. రోజుకి దాదాపు 2 జీబీ వస్తుంది. మూడేళ్ళ సరుకు ఎప్పుడూ వెతకడానికి అందుబాటులో ఉండాలి. ప్లాను వేసింది నేనే. రోజుకొక ఇండెక్స్ అని రాశాను, అందరూ అలాగే చేస్తున్నారు కాబట్టి. ఇండెక్సుకి 5 షార్డులు, ఎందుకంటే అప్పట్లో ఏమీ చెప్పకపోతే దానంతటదే 5 పెట్టేది (2019లో వచ్చిన 7.0 వెర్షన్‌లో దాన్ని 1 చేశారు). ప్రతి షార్డుకీ ఒక రెప్లికా. 6 యంత్రాలు, ఒక్కోదానికి 16 కోర్లు. ఆ ఎక్సెల్ షీటు చూసుకుని నేను చాలా ముచ్చటపడ్డాను కూడా.

ఇప్పుడు నాతోపాటు లెక్క వెయ్యండి. మూడేళ్ళంటే 1,095 రోజులు. 5తో గుణిస్తే 5,475 షార్డులు. రెప్లికాలతో కలిపి 10,950. ఒక్కో షార్డులో ఉన్నది 400 ఎంబీ. పాత మూడేళ్ళ సరుకంతా మొదటే ఎక్కించాం కాబట్టి మొదటి రోజు నుంచీ ఇదే పరిస్థితి.

టెస్టింగులో అన్నీ బాగానే ఉన్నాయి, ఎందుకంటే టెస్టింగులో వారం రోజుల డేటానే పెట్టాం. లైవ్‌కి వెళ్ళిన మొదటి సోమవారం ఒకావిడ మూడేళ్ళ మొత్తం మీద ఒక పేరు వెతికింది. కాస్త ఆలస్యంగానైనా వచ్చింది. అదే సమయంలో ఇంకొకాయన కూడా వెతికాడు. సగం ఫలితాలొచ్చాయి, మిగతా సగానికి ఎర్రరు. అందరూ ఆఫీసుకొచ్చేసరికి మొత్తం పడుకుంది.

ఎందుకలా జరిగిందో అర్థం కావాలంటే ఈ సిస్టమ్ లోపల ఏం జరుగుతుందో కొంచెం చెప్పుకోవాలి. షార్డు అంటే డేటాలో ఒక ముక్క అని మనం తేలిగ్గా అనేస్తాం. నిజానికి ప్రతి షార్డూ ఒక పూర్తి లూసీన్ ఇండెక్స్. దానికి సొంత పదాల పట్టిక ఉంటుంది, సొంత ఫైళ్ళుంటాయి, సొంత మెమరీ ఖర్చు ఉంటుంది. ప్రశ్న వచ్చినప్పుడు, కావలసిన జవాబు ఏ ముక్కలో ఉందో ముందుగా తెలియదు కాబట్టి, ఆ పరిధిలో ఉన్న ప్రతి షార్డునీ అడగాలి. అందరి దగ్గర్నుంచీ జవాబులొచ్చాక ఒక నోడు వాటిని కలిపి, వరసలో పెట్టి మనకిస్తుంది.

అంటే మూడేళ్ళ ప్రశ్న ఒకటి వస్తే 5,475 చిన్న పనులు పుడతాయి. 6 యంత్రాలకి పంచితే ఒక్కోదానికి 912. 16 కోర్లున్న యంత్రంలో సెర్చ్‌కి ఇచ్చే థ్రెడ్లు 25 (కోర్లని ఒకటిన్నరతో గుణించి 1 కలుపుతారు). ఆ థ్రెడ్లు ఖాళీ లేనప్పుడు వేచి ఉండే క్యూలో చోటు 1,000. మొత్తం 1,025 పనులు పడతాయన్నమాట. మొదటి ప్రశ్నకి 912 పనులు పట్టాయి. అది పూర్తికాకముందే రెండో ప్రశ్న వస్తే ఇంకో 912. పట్టవు. క్యూ నిండగానే మిగతావాటిని "వద్దు పో" అని వెనక్కి పంపేస్తుంది. ఆ రెండో మనిషికి వచ్చిన ఎర్రరు అదే.

మేమేం చేశామో చెప్పనా? యంత్రాలు పెంచాం. ఇంకో 8 తెచ్చి 14 చేశాం. అప్పుడు ఒక్కో యంత్రానికి ప్రశ్నకి 391 పనులు. ఇద్దరు ఒకేసారి వెతికితే 782, సరిపోతుంది. ముగ్గురైతే 1,173, సరిపోదు. అంటే 8 యంత్రాలు కొంటే అదనంగా ఒక్క మనిషికి చోటు దొరికింది! ఈ లెక్క అప్పుడే ఎవరైనా కాగితం మీద వేసి ఉంటే పది నిమిషాల్లో తేలిపోయేది. మేం "క్లస్టర్ స్కేల్ చేస్తున్నాం" అని క్లయింటుకి మెయిళ్ళు రాస్తూ కూర్చున్నాం.

తప్పు సాఫ్ట్‌వేర్‌ది కాదు. 5 అనేది ఎవరో ఒక సగటు అవసరానికి పెట్టి ఉంచిన అంకె. దాన్ని రోజుకొకసారి, మూడేళ్ళపాటు గుణించమని దానికి చెప్పింది నేను.

చివరికి ఏం చేశామంటే, రోజు ఇండెక్సులు తీసేసి నెలకొకటి చేశాం. నెలకి 60 జీబీ, దానికి 2 షార్డులు, ఒక్కోదానిలో 30 జీబీ. 36 నెలలకి 72 షార్డులు, రెప్లికాలతో 144. మూడేళ్ళ ప్రశ్నకి ఒక్కో యంత్రం మీద పడే పనులు 912 నుంచి 12కి దిగాయి. యంత్రాలు మళ్ళీ 6కి వచ్చేశాయి. డేటా అదే, ప్రశ్నలు అవే.

ఇదంతా అప్పటికి ఎవరికీ తెలియని రహస్యమేం కాదు. జెఫ్ డీన్, లూయిజ్ బరోసో 2013లో "ద టెయిల్ ఎట్ స్కేల్" అని ఒక వ్యాసం రాశారు. అందులో ఒక చిన్న లెక్క ఉంది. ఒక సర్వరు నూటికి 99 సార్లు వెంటనే జవాబిస్తుంది, ఒక్కసారి మాత్రం సెకను కన్నా ఎక్కువ తీసుకుంటుంది అనుకుందాం. మంచి సర్వరే కదా. ఇప్పుడు ఒక ప్రశ్నకి అలాంటి 100 సర్వర్లూ జవాబు చెప్పాల్సి వస్తే, 63 శాతం ప్రశ్నలకి సెకను దాటుతుంది. ఎందుకంటే వందమందిలో ఒక్కడు ఆలస్యం చేసినా మిగతా 99 మంది కాచుకుని కూర్చోవాలి. కలిసి ఊరెళ్ళేటప్పుడు వ్యాను ఎవరికోసం ఆగుతుందో మనందరికీ అనుభవమే. అదే 3 షార్డులైతే అలా ఆలస్యమయ్యేవి 3 శాతమే. ముక్కలు పెంచితే పని పంచుకుంటాయన్న మాట నిజమే, కానీ ప్రతి ముక్కతోపాటు ఆలస్యానికి ఇంకో అవకాశం కూడా పెంచుతున్నాం.

ఇంకో ప్రశ్న అందరం దాటవేసేది: అసలు మనకి డిస్ట్రిబ్యూటెడ్ కావాలా?

1998లో సెర్గీ బ్రిన్, లారీ పేజ్ గూగుల్ గురించి రాసిన పేపర్ చూడండి. అప్పటికి వాళ్ళు 2.4 కోట్ల వెబ్ పేజీలు తెచ్చుకున్నారు. ఆ పేజీలు మొత్తం 147.8 జీబీ. కుదించి దాచిన పేజీలూ, ఇండెక్సులూ, అన్నీ కలిపి 108.7 జీబీ. ఈరోజు మీ ఒళ్ళో ఉన్న లాప్‌టాప్ డిస్కులో అదంతా పెట్టి ఇంకా సినిమాలకి చోటు మిగులుతుంది. 2003 నాటికి అదే గూగుల్ 15,000కి పైగా మామూలు పీసీలతో నడుస్తోందని వాళ్ళ ఇంజినీర్లే రాశారు. మనమంతా ఆ 15,000 కథ చదివి ఉత్సాహపడతాం. మన దగ్గరున్న డేటా మాత్రం చాలాసార్లు ఆ 108 జీబీ దగ్గరే ఉంటుంది. మధ్యలో డిస్కులూ మెమరీ ఎంత పెరిగాయో మర్చిపోతాం.

కుర్రాడితో కూడా ఇదే అన్నా. "నీ 4 టీబీలో ఏముందో ముందు చెప్పు తమ్ముడూ" అని. కాసేపు ఎవరినో కనుక్కుని మళ్ళీ ఫోన్ చేశాడు.

"పాత దస్తావేజులన్నా. స్కాన్ చేసిన పేజీలు. 1.2 కోట్ల పేజీలు. ఎక్కువ భాగం తెలుగే. ఓసీఆర్ చేసి వెతికేలా పెట్టాలి."

దొరికింది! 4 టీబీ అనేది బొమ్మల బరువు. బొమ్మల్ని సెర్చ్ ఇంజిన్‌లో పెట్టక్కర్లేదు, అవి ఎక్కడో చవక స్టోరేజీలో ఉంటాయి. వెతికేది వాటిలోంచి తీసిన అక్షరాల్ని. తెలుగు యూనికోడ్ అక్షరం ఒక్కోటి యూటీఎఫ్-8లో 3 బైట్లు. (మనం ఒక అక్షరం అనుకునే "క్ష" అందులో మూడు: క, పొల్లు, ష. కాబట్టి 9 బైట్లు.) పేజీకి అలాంటివి 1,500 అనుకుంటే 4.5 కేబీ. 1.2 కోట్ల పేజీలకి 54 జీబీ. అంతే! 4 టీబీ కాస్తా 54 జీబీ అయింది. ఇంకా ఒక్క యంత్రం కూడా కొనలేదు.

అయితే 54 జీబీ అక్షరాలకి ఇండెక్స్ ఎంతవుతుంది? ఇక్కడ మాత్రం లెక్కలతో చెప్పకూడదు, కొలవాలి. మీరు ఏ ఫీల్డుని ఎలా ముక్కలు చేస్తారో దాన్నిబట్టి ఇండెక్స్ అసలు దాని కన్నా చిన్నదిగానూ ఉండొచ్చు, రెండు మూడు రెట్లూ అవ్వొచ్చు. నేను చెప్పే పద్ధతి ఇదీ:

1. ప్రశ్నలు పోగెయ్యండి. రేపు దాన్ని వాడేవాళ్ళని అడిగి, వాళ్ళు నిజంగా వెతికేవి ఓ రెండు వందలు రాసుకోండి. పేరుతో వెతుకుతారా, సంవత్సరంతోనా, ఊరితోనా? ఎప్పుడూ ఒక జిల్లా లోపలే వెతుకుతారంటే ఆ జిల్లాని బట్టి డాక్యుమెంటుని ఒకే షార్డుకి పంపొచ్చు, అప్పుడు ప్రశ్న కూడా ఒక్క షార్డునే తాకుతుంది. (కానీ అన్నిటికన్నా పెద్ద జిల్లా ఉన్న షార్డు ఉబ్బిపోతుంది, అదీ చూసుకోవాలి.)

2. నూటికి ఒక పేజీ తియ్యండి. మొదటి లక్ష కాదు, అన్ని సంవత్సరాల్లోంచీ కలిపి ఎక్కడపడితే అక్కడ్నుంచి. పాత పేజీలు, చిరిగినవి, ఓసీఆర్ సరిగ్గా రానివి కూడా అందులో ఉండాలి.

3. ఒక్క యంత్రం, ఒక్క షార్డు, రెప్లికా లేకుండా. ఆ నమూనా ఎక్కించి సైజు చూడండి. తర్వాత దాన్ని పెంచుకుంటూ పోయి, మీ రెండు వందల ప్రశ్నలూ వేస్తూ, జవాబు వేగం మీరు ఒప్పుకోలేనంత తగ్గేదాకా వెళ్ళండి. అది మీ షార్డు గరిష్ఠ సైజు. మామూలుగా 10 నుంచి 50 జీబీ మధ్య ఉండాలని చెప్తారు. ఆ సలహా మంచిదే, కానీ మీ అంకె మీరే చూసుకోవాలి. లూసీన్‌కి అసలు హద్దు ఒకటుంది, ఒక షార్డులో దాదాపు 214 కోట్ల డాక్యుమెంట్లు. అక్కడిదాకా వెళ్ళే అవసరం మనలో ఎక్కువమందికి రాదు.

4. సగటు చూడకండి. నూటికి 99వ ప్రశ్న ఎంతసేపు పట్టిందో చూడండి. పైన చెప్పిన వ్యాను లెక్క గుర్తుంది కదా.

5. ఆ తర్వాత భాగహారం. మొత్తం సైజు, రెండు మూడేళ్ళ పెరుగుదలతో కలిపి, ఒక షార్డు సైజుతో భాగిస్తే షార్డులు. సెకనుకి ఎన్ని ప్రశ్నలో, ఒక్కోటి ఎంతసేపో గుణిస్తే ఒకేసారి నడిచే ప్రశ్నలు: సెకనుకి 50, ఒక్కోటి 0.2 సెకన్లు అయితే 10. ప్రశ్నకి 3 షార్డులైతే 30 పనులు. దానికి ఎన్ని కోర్లు కావాలో అప్పుడు తెలుస్తుంది. నోడ్ల సంఖ్య ఇక్కడ పుడుతుంది.

6. దాని మీద ఒకటి చచ్చిపోయినా నడిచేలా చూడండి. 3 యంత్రాలంటే 2 యంత్రాల మీద మొత్తం బరువు మొయ్యగలగాలి. డిస్కు నిండా వాడుకోవచ్చనుకోకండి. 85 శాతం దాటితే ఆ నోడుకి కొత్త షార్డులివ్వదు, 90 దాటితే ఉన్నవాటిని వేరే చోటికి తోలుతుంది, 95 దాటితే ఇండెక్సులో రాయడమే ఆపేస్తుంది. మెమరీలో సగానికి మించి జావా హీపుకి ఇవ్వకండి, ఇచ్చినా 32 జీబీ లోపలే ఉంచండి. అది దాటితే పాయింటర్ల సైజు పెరిగి, మెమరీ ఎక్కువిచ్చి కూడా నష్టపోతారు. మిగతా సగం ఖాళీగా ఏం ఉండదు, ఆపరేటింగ్ సిస్టమ్ అందులోనే ఇండెక్స్ ఫైళ్ళని దాచుకుంటుంది. సెర్చ్ వేగమంతా అక్కడే ఉంది.

తెలుగు డేటా కాబట్టి ఇంకో ముఖ్యమైన మాట. మనలో చాలామంది ఇంగ్లీషు డేటా మీద వచ్చిన కొలతలు తెచ్చి తెలుగుకి వాడేస్తారు. ఇంగ్లీషులో "హైదరాబాద్" ఎక్కడైనా అదే మాట. మనకి హైదరాబాదులో, హైదరాబాదుకి, హైదరాబాదునుంచి, హైదరాబాదులోనేనా అని ఒక్క ఊరికే పదుల రూపాలు. మామూలు సెట్టింగులతో పెడితే ఇవన్నీ వేర్వేరు పదాలు, ఒకటి వెతికితే ఇంకోటి రాదు. దానికి విరుగుడుగా ప్రతి పదాన్నీ రెండక్షరాల నుంచి పదక్షరాల దాకా ముక్కలు చేసి దాస్తే ఇండెక్స్ ఉబ్బుతుంది. పైగా కంటికి కనిపించని ఒక అక్షరం ఉంది, "సాఫ్ట్‌వేర్" అని రాసేటప్పుడు ట్ కీ వే కీ మధ్య పెట్టేది. అది పెట్టి రాసినది, పెట్టకుండా రాసినది కంప్యూటర్‌కి రెండు వేర్వేరు మాటలు. ఐసీయూ నార్మలైజర్ పెట్టుకుంటే అది పోతుంది. లూసీన్‌లో ఇప్పుడు తెలుగుకి విడిగా ఒక అనలైజర్ కూడా ఉంది. ఏది వాడినా ఇండెక్స్ సైజు మారుతుంది. ఓసీఆర్ తప్పులుంటే ప్రతి తప్పూ ఒక కొత్త పదమే, పదాల పట్టిక పెరుగుతూనే పోతుంది. ఇవన్నీ ఏ వెండరు కాగితంలోనూ దొరకవు, మీ పేజీలు ఎక్కిస్తేనే తెలుస్తాయి.

"క్లౌడ్ ఉందిగా అన్నా, తక్కువైతే పెంచుకుందాం" అన్నాడు కుర్రాడు. ఈ మాట అందరూ అంటారు, అందులో కొంత నిజం ఉంది కూడా. యంత్రాలు పెంచడం ఇప్పుడు నిమిషాల పని. కానీ షార్డుల సంఖ్య అలా కాదు. డాక్యుమెంటు ఏ షార్డుకి వెళ్ళాలో దాని ఐడీ నుంచి ఒక సంఖ్య తీసి, షార్డుల సంఖ్యతో భాగించి, శేషాన్ని బట్టి నిర్ణయిస్తారు. సంఖ్య 17 అనుకోండి. 5 షార్డులుంటే శేషం 2. 6 చేస్తే శేషం 5. ఒక్కటి పెంచినందుకు ఎక్కడివన్నీ అక్కడ వెతికితే దొరకవు. అందుకే మధ్యలో మార్చనివ్వదు, మొత్తం మళ్ళీ ఎక్కించుకోవాలి. (ఉన్న షార్డుల్ని రెట్టింపు లెక్కన చీల్చే సదుపాయం తర్వాత వచ్చింది. కానీ దానికి రాయడం ఆపాలి, డిస్కు కావాలి, తీరిక కావాలి. గొడవ జరుగుతున్న రాత్రి ఆ మూడూ ఉండవు.) కాబట్టి మొదటి రోజే రెండు పనులు చేసుకోవాలి. ఒకటి, అప్లికేషన్ ఎప్పుడూ ఇండెక్స్ అసలు పేరుతో కాకుండా మారుపేరుతోనే మాట్లాడాలి, అప్పుడు వెనకాల కొత్తది కట్టి పేరు మార్చుకోవచ్చు. రెండు, అసలు డేటా సెర్చ్ ఇంజిన్‌లో మాత్రమే ఉండకూడదు, బయట వేరే చోట భద్రంగా ఉండాలి. అంతా మళ్ళీ ఎక్కించడానికి ఎన్ని గంటలు పడుతుందో కూడా కొలిచి ప్లానులో రాయాలి.

"యంత్రం ఖర్చు ఇంజినీరు జీతం కన్నా తక్కువ, ఇంత బుర్ర బద్దలు కొట్టుకోవడం ఎందుకు" అనే వాదన కూడా ఉంది. ఒప్పుకుంటా, కొలిచిన దాని మీద రెట్టింపు కొంటానంటే నాకేం అభ్యంతరం లేదు. కొలవకుండా కొంటే మాత్రం ఆ 8 యంత్రాల కథే. ఎంత కొన్నా పరిష్కారం కొన్నట్టు కాదు.

ఈమధ్య అర్థాన్ని బట్టి వెతకడం కోసం వెక్టర్లు కూడా పెట్టమంటున్నారు. పెట్టండి, కానీ అదే లెక్క వెయ్యండి. ఒక వెక్టరులో 768 అంకెలు, ఒక్కోటి 4 బైట్లు అయితే 3,072 బైట్లు. పేజీకి ఒకటి చొప్పున 1.2 కోట్లకి దాదాపు 37 జీబీ, పైన వాటిని కలిపే గ్రాఫ్ అదనం. వేగంగా రావాలంటే ఇదంతా మెమరీలో ఉండాలి. అంకెకి ఒక బైటు చొప్పున కుదిస్తే ఇది 9 జీబీకి దగ్గరవుతుంది, ఫలితాల నాణ్యత ఎంత తగ్గిందో మళ్ళీ కొలవాలి. 54 జీబీ అక్షరాలకి మూడు యంత్రాలు చాలనుకున్న ప్లాను ఈ ఒక్క వాక్యంతో మారిపోతుంది. ఆ వాక్యం ప్రాజెక్టు మధ్యలో వినడం కన్నా ముందే అడిగి తెలుసుకోవడం మేలు.

ఇప్పుడు 2016లో శిక్ష అనుభవించినవాడి సంగతి. ఆ రెండు నెలలు రాత్రి షిఫ్టులో ఒక కుర్రాడుండేవాడు, చేరి ఏడాదిన్నర అయింది. క్లస్టర్ పడిపోయినప్పుడల్లా లేపేది అతన్నే. ఒక నోడుని రీస్టార్ట్ చేస్తే దాని వాటాకొచ్చిన వేల షార్డులూ మళ్ళీ లేచేసరికి తెల్లారిపోయేది. క్లయింటు కాల్‌లో "ఎందుకింత ఆలస్యం" అని అడిగితే జవాబు చెప్పవలసింది కూడా అతనే. ఆ ఏడాది అప్రైజల్‌లో అతనికి "ఇష్యూలు త్వరగా పరిష్కరించలేకపోయాడు" అని రాశారు. నాకు మాత్రం 10,950 షార్డుల్ని 144కి తెచ్చినందుకు అందరి ముందూ మెచ్చుకోలు దక్కింది. ఆ 10,950 ఎవరు పెట్టారని ఎవరూ అడగలేదు. నేనూ చెప్పలేదు. తర్వాత మూడు నెలలకి అతను మానేసి వెళ్ళిపోయాడు. వీడ్కోలు రోజు నాకు చెయ్యి కలిపి "థాంక్స్ అన్నా, మీ దగ్గర చాలా నేర్చుకున్నా" అన్నాడు. అప్పుడైనా చెప్పి ఉండాల్సింది.

అప్పట్నుంచీ నేను ఏ ప్లాను రాసినా మొదట ఒక పేజీ పెడతాను. అందులో ఏవి కొలిచాం, ఏవి ఊహించాం అని రెండు వరసలు. ఊహించిన ప్రతిదాని ఎదురుగా అది నా పేరు. తప్పితే అడగాల్సింది నన్ను. మేనేజర్లకి ఆ పేజీ నచ్చదు, తీసెయ్యమంటారు. నేను తియ్యను.

కుర్రాడు మంగళవారం రాత్రి మళ్ళీ ఫోన్ చేశాడు. ఆదివారం సాయంత్రం కూర్చుని 1.2 లక్షల పేజీలు తన యంత్రం మీదే ఎక్కించాడట. పేర్ల ఫీల్డుకి ముక్కలు కూడా చేసి, ఇండెక్స్ 800 ఎంబీ దగ్గర ఆగిందిట. వందతో గుణిస్తే 80 జీబీ. పెరుగుదల కలుపుకుని 4 షార్డులు, 3 యంత్రాలు అని రాశాడు.

"మా మేనేజర్ అరిచాడన్నా. ఎదుటివాళ్ళు 20 రాస్తే మనం 3 రాస్తే క్లయింటు మనకి పని రాదనుకుంటాడట."

"మరేం చేశావు?"

"కొలిచినదంతా ఒక పేజీలో పెట్టి ప్రపోజల్‌కి జత చేశా. ఊహించినవి విడిగా రాశా. కింద నా పేరు పెట్టా."

ప్రాజెక్టు వాళ్ళకి వస్తుందో రాదో నాకు తెలీదు. 3 అని చూసి క్లయింటు నవ్వినా ఆశ్చర్యం లేదు, మన ఫీల్డులో పెద్ద అంకెకి ఉన్న గౌరవం అలాంటిది. కానీ వస్తే మాత్రం అక్కడ రాత్రి షిఫ్టులో ఉండబోయే పిల్లలు ఎవరో గానీ, కాస్త నిద్రపోతారు.

ఇంతకీ మీ క్లస్టర్‌లో ఎన్ని షార్డులున్నాయి? ఆ అంకె ఎవరు పెట్టారో మీకు తెలుసా?